దయ్యాలకి ఒంటరితనం అంటగట్టకండి

రెండేళ్ళ కిందట సాహిత్యం, సినిమా మీద జరిగిన ఒక జాతీయ సదస్సులో ‘డార్క్ వాటర్’ అనే జపాన్ సినిమా గురించి పత్రం చదివాను. ఇరవై నిమిషాలని చెప్పి పన్నెండో నిమిషంలో చీటీ పంపడం మన సదస్సుల ఆచారం. చీటీ రాగానే చివరి మూడు పేజీలు వదిలేసి వచ్చి కూచున్నాను. సభాధ్యక్షులు పెద్దవారు, బాగా చదువుకున్నవారు, నా మీద వాత్సల్యం ఉన్నవారు కూడా. ఆయన లేచి, “అమ్మాయి బాగానే పరిశీలించింది. అయితే ఈ ఆసియా దయ్యాల సినిమాలన్నిటిలో ఉన్నది ఆధునిక నగరంలో మానవుడి ఒంటరితనం. అది సార్వజనీనమైన వేదన. దాన్ని ఆడా మగా అని విడగొడితే వస్తువు చిన్నదైపోతుంది” అన్నారు. చప్పట్లు మోగాయి. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నా పక్కకి వచ్చి, “హైదరాబాదులో ఎవరితో ఉంటున్నావమ్మా?” అని అడిగారు. ఒక్కదాన్నే ఉంటున్నానండీ అన్నాను. “అదీ, అందుకే” అన్నారు.

ఆ ‘అందుకే’ ఏమిటో ఆయన విప్పి చెప్పలేదు. నేనూ అడగలేదు. పెరుగన్నం కలుపుకుంటూ తలూపాను. మన చదువులు మనకి నేర్పిన అనేక విద్యల్లో ఈ తలూపడం ఒకటి.

ఇప్పుడు ఆ ‘అందుకే’ సంగతి తేల్చుకోవాలనిపించింది. ఎందుకంటే ఆయన అన్నది ఆయన ఒక్కరి మాట కాదు. తూర్పు ఆసియా దయ్యాల సినిమాల మీద ఏ వ్యాసం తీసినా, ఏ ముందుమాట చూసినా ఇదే వరస. ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమయ్యాయి, మనుషులు ఫ్లాట్లలోకి చేరారు, పక్కింటివాళ్ళ పేరు తెలీదు, లిఫ్టులో పలకరింపులు లేవు, ఆ శూన్యంలోంచి దయ్యం పుట్టింది. నా సిద్ధాంత గ్రంథంలోనే ‘నగర జీవితపు పరాయీకరణ’ అన్న మాట ఎన్నిసార్లు వాడానో లెక్కపెడితే సిగ్గేస్తుంది. ఆ మాట వాడితే పరీక్షకులు అభ్యంతరం చెప్పరు. ఎవరినీ నొప్పించని మాట అది. వానలా, ఎండలా, ఒంటరితనం అందరి మీదా సమానంగా పడుతుందని ఒప్పుకుంటే ఇక అడగాల్సిన ప్రశ్నలేమీ మిగలవు. చంపిందెవరు అన్న ప్రశ్న అన్నిటికంటే ముందు పోతుంది.

నిజంగా ఒంటరితనం గురించి తీసిన సినిమా లేదని నేననను. కియోషి కురొసావా 2001లో తీసిన ‘కైరో’ ఉంది. చనిపోయినవాళ్ళ లోకం నిండిపోయింది, ఇక అక్కడ చోటు లేదు, అందుకని వాళ్ళు ఇంటర్నెట్టులోంచి మన లోకంలోకి కారుతున్నారు. ఆ కథ అంతే. ఎర్ర టేపు అతికించి మూసేసిన గదులు, తెర మీద చీకటి గదుల్లో కదలకుండా కూచున్న మనుషులు, ఉన్న మనిషి ఉన్నట్టే గోడ మీద నల్లటి మరకగా మారిపోవడం. అందులో హరుయే అనే అమ్మాయి తన ఫ్లాటులో కంప్యూటరు తెర మీద తననే ఎవరో వెనకనించి చూస్తున్నట్టు చూసుకుంటుంది. భయపడదు. లేచి వెళ్ళి కనబడని ఆ చూపుని కావలించుకుంటుంది, తను ఒంటరిదాన్ని కానని మురిసిపోతుంది. నాకు తెలిసిన సినిమాల్లో అంతకంటే దిగులు పుట్టించే కావలింత ఇంకొకటి లేదు. ఆ సినిమాలో మగా ఆడా ఒకే తీరున మాయమైపోతారు. ఎవరూ ఎవరినీ చంపరు. హంతకుడు లేని కథ అది. దాన్ని ఒంటరితనం సినిమా అంటే నాకేమీ పేచీ లేదు.

నా పేచీ అల్లా ఆ ఒక్క సినిమా కొలతతో మిగతావన్నీ కొలవడం మీద. మిగతావాటిలో హంతకుడున్నాడు. అతనికి పేరుంది, చచ్చినదానితో చుట్టరికం కూడా ఉంది.

ముందు ఒక లెక్క చూద్దాం. ఒంటరిగా చనిపోయి, ఎవరూ పట్టించుకోక రోజుల తరవాత బయటపడడాన్ని జపాన్లో ‘కొడోకుషి’ అంటారు, ఒంటరి చావు అని. 1995లో కోబె భూకంపం తరవాత తాత్కాలిక ఇళ్ళలో ముసలివాళ్ళు అలా చనిపోవడంతో ఆ మాట బాగా జనంలోకి వచ్చింది. అక్కడి పోలీసు శాఖ లెక్క ప్రకారం 2024లో ఇంట్లో ఒంటరిగా ఉంటూ చనిపోయినవాళ్ళు 76,020 మంది, అందులో 58 వేల పైచిలుకు అరవై అయిదు దాటినవాళ్ళు. చనిపోయి రోజులు గడిచాక కనుక్కున్నవాళ్ళలో మగవాళ్ళే చాలా ఎక్కువ. సమస్య ఎంత పెద్దదంటే 2021లో ఒంటరితనానికని ప్రత్యేకంగా ఒక మంత్రినే నియమించుకున్నారు. సరే. మరి తెర మీది దయ్యం నగరపు ఒంటరితనానికి ప్రతిబింబమే అయితే, ఆ దయ్యం ఎవరై ఉండాలి? ఉద్యోగం పోయి, భార్య పోయి, గదిలో టీవీ ముందు కూచున్న ముసలాయన అయి ఉండాలి కదా? చొక్కా గుండీ ఊడిన ఆ మనిషి ఎందుకు లేవడు? లేచేదెప్పుడూ జుట్టు విరబోసుకున్న ఆడదే ఎందుకు? అద్దంలో ఒకరి ముఖానికి బదులు ఇంకొకరి ముఖం కనిపిస్తుంటే దాన్ని అద్దం అంటారా?

హిదెయో నకాతా 1998లో తీసిన ‘రింగు’ తీసుకోండి. ఈ ధోరణికంతటికీ తలమానికం అని చెప్పుకునే సినిమా. కోజి సుజుకి 1991లో రాసిన నవలలో పరిశోధించే పాత్రికేయుడు మగవాడు. సినిమాలో ఆ పాత్రని ఆడదాన్ని చేశారు. రెయికో, టీవీలో పనిచేసే విలేఖరి, భర్తనించి విడిపోయింది, ఒక్కడే నడిచి బడికి పోయే చిన్న కొడుకు. ఆ వీడియో టేపు చూస్తే ఏడు రోజుల్లో చస్తారు. టేపులోంచి వచ్చే సదాకో కథ వెతుక్కుంటూ ఆమె వెళ్తుంది. సదాకో తల్లి షిజుకోకి అతీంద్రియ శక్తి ఉందంటే, విలేఖరుల ముందు ప్రదర్శన పెట్టించి, అందరూ కలిసి మోసగత్తె అని అరిచారు. ఆమె అగ్నిపర్వతంలోకి దూకి చచ్చిపోయింది. కూతుర్ని తలమీద కొట్టి నూతిలో తోసినవాడు డాక్టరు ఇకుమా. తల్లిని ఆ ప్రదర్శనకి నిలబెట్టినవాడూ అతనే. నూతి గోడలు పట్టుకుని పైకి రావడానికి ప్రయత్నించి, సదాకో గోళ్ళు ఊడి రాళ్ళలో ఇరుక్కుపోయాయి.

ఆ నుయ్యి చూసినప్పుడు నాకు జపాన్ సంస్కృతి గురించి అధోజ్ఞాపికలేవీ అవసరం పడలేదు. “నుయ్యో గొయ్యో చూసుకుంటాను” అన్న మాట వినని తెలుగింటి ఆడపిల్ల ఉంటుందా? విసిగిపోయిన ఆడవాళ్ళు తమని గురించి తాము అంటారు. “నుయ్యో గొయ్యో చూసుకో” అని మగవాళ్ళు వాళ్ళతో అంటారు. క్రియ చివర మాత్రమే తేడా. ఊళ్ళో ఆ నూతి దగ్గర రాత్రిపూట గజ్జెల చప్పుడు వినిపిస్తుందని చెప్పేవాళ్ళు, ఆవిడ దూకిందా, తోశారా అని ఎన్నడూ చెప్పరు. కొందరు ఆడవాళ్ళని పేరంటాళ్ళని చేసి గుడి కడతాం, మిగతావాళ్ళని దయ్యాలంటాం. రెండు పద్ధతుల్లోనూ కేసు ఉండదు.

‘రింగు’లో విమర్శకులు దాటేసే ఘట్టం ఒకటుంది. నా వాదనంతా దాని మీదే నిలబడింది. రెయికో నూతిలోకి దిగి, చేదతో నీళ్ళు తోడి తోడి, సదాకో అస్థిపంజరాన్ని కనుక్కుంటుంది. కన్నతల్లిలా దాన్ని పొదివి పట్టుకుంటుంది. గడువు దాటిపోతుంది, ఆమె చావలేదు. పాపం, ఒంటరి ఆత్మ, ఇన్నాళ్ళకి ఒకరి ప్రేమ దొరికింది, శాంతించింది అని రెయికో అనుకుంటుంది, మనమూ అనుకుంటాం. సదస్సులో అధ్యక్షులవారి సిద్ధాంతం అక్కడికి సరిగ్గా సరిపోతుంది. కానీ సినిమా అక్కడ అయిపోదు. మర్నాడు సదాకో టీవీలోంచి పాక్కుంటూ వచ్చి రెయికో మాజీ భర్త ర్యూజీని చంపేస్తుంది. ఓదార్పు పనిచెయ్యలేదు. మరి రెయికో ఎలా బతికింది? ఆ టేపుకి నకలు తీసి ర్యూజీకి చూపించింది కాబట్టి. సదాకోకి కావలసింది కావలింత కాదు, నకలు. తనకేం జరిగిందో ఒకరినించి ఇంకొకరికి చేరాలి. మన ఆఫీసుల్లో ఫిర్యాదుకి మూడు నకళ్ళు పట్టుకు రమ్మంటారే, సదాకో అడిగిందీ దాదాపు అంతే. ఆమె చేసింది ఫిర్యాదు. దాన్ని ఏడుపుగా విని, అయ్యో తోడు లేక ఏడుస్తోంది అంటున్నాం.

ఈ దయ్యాలు అపార్టుమెంట్ల కంటే చాలా ముందునించీ ఉన్నాయని కూడా గుర్తుచెయ్యాలి. ఒకికు అనే పనిమనిషి కథ 18వ శతాబ్దంలోనే రంగస్థలం ఎక్కింది. దొర గారింటి పది పళ్ళాల్లో ఒకటి పోయిందని నింద వేసి, చంపి నూతిలో పడేశారు. రాత్రిళ్ళు నూతిలోంచి పళ్ళాలు లెక్కపెడుతుంది, తొమ్మిది దాకా. ఒయివా కథ నాంబోకు రాసిన కబుకి నాటకంగా 1825లో ఆడారు. పక్కింటివాళ్ళు మందని చెప్పి పంపిన విషం తాగి ముఖం వికారమై, తల దువ్వుకుంటుంటే జుట్టు కుచ్చులుగా ఊడి వస్తుంది. ఆ పక్కింటి పిల్లని పెళ్ళాడాలని ఉన్నవాడు ఆమె భర్త. సదాకో నుయ్యీ జుట్టూ ఈ ఇద్దరి దగ్గరనించీ వచ్చినవే. వాళ్ళకి ఇరుగూ పొరుగూ పుష్కలంగా ఉన్నారు. విషం పంపింది ఇరుగుపొరుగే.

ఇక ‘డార్క్ వాటర్’. అదీ నకాతాదే, సుజుకి కథే ఆధారం, 2002లో వచ్చింది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

యోషిమికి విడాకుల తగాదా నడుస్తోంది. ఆరేళ్ళ కూతురు ఇకుకో ఎవరి దగ్గరుండాలన్నది తేలాలి. జపాన్లో 2024లో సవరించిన చట్టం అమల్లోకి వచ్చేదాకా విడాకుల తరవాత పిల్లల మీద హక్కు తల్లికో తండ్రికో ఒక్కరికే ఉండేది. అంటే ఓడితే మొత్తం ఓడినట్టే. యోషిమి ఒకప్పుడు మానసిక వైద్యం చేయించుకుందని భర్త తరఫువాళ్ళు బయటకి తీస్తారు. ఎందుకు చేయించుకుంది? ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో హింస నిండిన నవలలు వరసపెట్టి చదవాల్సి వచ్చి మనసు చెదిరింది. ఆడవాళ్ళు డబ్బు కోసం అక్షరాలు దిద్దితే అది కూడా కోర్టులో వాళ్ళ మీద సాక్ష్యమవుతుంది! ప్రూఫులు దిద్దుతూ బతికిన రోజులు నాకూ ఉన్నాయి కాబట్టి ఈ దృశ్యం దగ్గర నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఉద్యోగం దొరకాలి, ఇల్లు దొరకాలి, రెండూ వెంటనే దొరకాలి. చవకగా వచ్చిందని పాత భవనంలో మూడో అంతస్తులో ఒక ఫ్లాటు తీసుకుంటుంది. పైకప్పు మీద తడి మరక. అది రోజురోజుకీ పెరుగుతుంది. చుక్కలు పడతాయి. కింద గిన్నె పెడుతుంది. భవనం చూసుకునే ముసలాయనకి చెబుతుంది, ఇల్లు ఇప్పించిన ఏజెంటుకి చెబుతుంది. చూద్దాం అంటారు. ఆమె గొంతు పెంచితే ఆమె ఆరోగ్యం మీద అనుమానం వస్తుంది. గొంతు పెంచకపోతే నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఇంటర్వ్యూలో కూచున్నప్పుడు పిల్లని బడినించి తీసుకురావలసిన వేళ దాటిపోతుంటుంది. ఆ సినిమాలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ గడియారం. దయ్యం కంటే ముందే గడియారం యోషిమిని తరుముతోంది. చివరికి ఆమె తరఫు వకీలు, మగవాడు, వచ్చి నాలుగు మాటలు మాట్లాడేసరికి ఏజెంటూ ముసలాయనా కదిలి పై అంతస్తు తలుపు తీసి చూస్తారు. యోషిమి అన్నిసార్లు చెప్పిన సంగతే అతనూ చెప్పాడు.

పై ఫ్లాటులో ఉండిన మిట్సుకో అనే చిన్నపిల్ల తప్పిపోయింది. నిజానికి మేడమీది నీళ్ళ ట్యాంకులో పడి చచ్చిపోయింది. ఆ పిల్ల శరీరం నానిన నీళ్ళే ఇంతకాలం ఆ భవనంలో అందరూ తాగారు. ఇందులో హంతకుడు లేడు కదా, ఇది ఒంటరితనమే కదా అని మీరు అడగవచ్చు. ఒప్పుకోను. ఆ పిల్లని వదిలేసినవాళ్ళున్నారు, మూత తీసిన ట్యాంకు ఉంది, ఆ భవనానికి జీతం తీసుకునే కాపలాదారున్నాడు. గోడ మీద కాగితం అతికించి వెతకడం మానేసిన ఊరుంది. వీటన్నిటినీ కలిపి ‘నగరం’ అనేస్తే జవాబు చెప్పవలసిన వాళ్ళెవరూ ఉండరు.

ముగింపు దగ్గర నాకు ఈ సినిమాతోనే తగువుంది. లిఫ్టులోకి పరుగెత్తిన యోషిమి, తను ఎత్తుకున్నది కూతుర్ని అనుకుంటుంది. అది మిట్సుకో. కన్నకూతురు బయట నిలబడి చూస్తోంది. కూతుర్ని కాపాడుకోవాలంటే దయ్యానికి తల్లిగా ఉండిపోవాలి. యోషిమి ఉండిపోతుంది. పదేళ్ళ తరవాత పెద్దదైన ఇకుకో ఆ ఫ్లాటుకి వస్తుంది. ఇల్లు అద్దంలా ఉంటుంది. అమ్మ ఉంటుంది. తనూ అక్కడే ఉండిపోతానంటే అమ్మ వద్దంటుంది. సినిమా చూసినవాళ్ళు ఇక్కడ కళ్ళు తుడుచుకుంటారు, నేనూ తుడుచుకున్నాను. తరవాత కోపం వచ్చింది. మొత్తం భవనం, కోర్టు, బడి, ఏజెంటు, ఇద్దరు తండ్రులు చెయ్యని పనిని ఒక ఆడది చచ్చిపోయి కూడా చేస్తోంది. పదేళ్ళుగా ఇల్లు తుడుస్తోంది! జీతం లేని చాకిరీకి చావు కూడా ముగింపు కాదని నకాతా చెబుతుంటే, దాన్ని మనం మాతృప్రేమ అని చదువుతున్నాం.

తకాషి షిమిజు ‘జు-ఆన్’ గురించి తక్కువలో చెప్పొచ్చు. భర్త తకెయో అనుమానంతో కయాకోని చంపాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ చస్తారు. కయాకో మాట్లాడదు, గొంతులోంచి గరగరమనే చప్పుడొకటి వస్తుంది, అంతే. 2002 నాటి సినిమా మొదట్లో రికా అనే అమ్మాయి సంక్షేమ కేంద్రం పంపితే ఒక ముసలావిడని చూసుకోవడానికి ఆ ఇంటికి వెళ్తుంది. ఇల్లంతా చెత్త, ముసలావిడ పక్క మీద. ఆ పిల్ల ముందు చెత్త ఏరుతుంది, ఊడుస్తుంది. పరాయి ముసలావిడ బాగోగులు చూడ్డానికి వచ్చిన ఆడపిల్ల, భర్త చేతిలో చచ్చిన ఆడదాని పగకి దొరికిపోతుంది. ఈ కయాకో మొదటిసారి వీడియోలో కనిపించింది 2000లో. భార్యలని హింసించడాన్ని నివారించే చట్టం జపాన్ పార్లమెంటు చేసింది 2001లో. మన దేశంలో గృహహింస చట్టం 2005లో వచ్చింది. సినిమా వల్ల చట్టం వచ్చిందని నేననడం లేదు. ఆ ఏళ్ళలో ఆ సమాజం ఇంటి తలుపుల వెనక సంగతి మాట్లాడుకుంటోంది, కయాకో ఆ మాటల్లోంచి వచ్చింది అంటున్నాను. ఇంతకీ ఆమె చచ్చింది ఒంటరిగానా? భర్త సమక్షంలో!

ఇక్కడ మనవాళ్ళతోనూ ఒక మాట. కొందరు స్త్రీవాద మిత్రులు ఈ దయ్యాలని ప్రతిఘటన అంటున్నారు, అణచివేతకి గురైన స్త్రీ శక్తిగా తిరిగి లేచిందని. నాకు ఆ ఉత్సాహం లేదు. చచ్చాక తప్ప రాని శక్తిని చూసి గర్వపడలేను. పైగా కయాకో రికాని కూడా వదల్లేదు. పగ అడ్రసు చూసుకోదు. దయ్యాన్ని దేవతని చెయ్యడం మన ఊళ్ళవాళ్ళు ఎప్పటినించో చేస్తున్న పనే, దానికి సిద్ధాంతం తోడు అక్కర్లేదు.

పక్కింటివాళ్ళ పేరు తెలీని నగరం అంటారే, ఆ మాట కూడా పరీక్షించాలి. అరివళగన్ తీసిన తమిళ సినిమా ‘ఈరం’ 2009లో వచ్చింది. రెండేళ్ళ తరవాత తెలుగులో ‘వైశాలి’గా మన దగ్గర ఆడింది. జపాన్ నీళ్ళ దయ్యాలకి దగ్గరి చుట్టం. అపార్టుమెంటులో ఒక ఇల్లాలు నీళ్ళలో మునిగి చనిపోతుంది. ఆత్మహత్య అంటారు. చంపింది భర్త. అతని అనుమానానికి నీళ్ళు పోసి పెంచింది ఇరుగుపొరుగు. ఎవరో వస్తున్నారట, ఎవరితోనో మాట్లాడుతుందట. ఆ తరవాత అదే భవనంలో ఒక్కొక్కరే నీళ్ళవల్ల చస్తారు. ఆ భవనంలో ఎవరి గురించి ఎవరికి తెలీదని? అందరికీ అందరి సంగతీ తెలుసు. ఆమె చావుకి కారణం ఎవరూ చూడకపోవడం కాదు, అందరూ చూస్తూ ఉండడం. ఇలాంటి భవనాలు మనకి బాగా తెలుసు. కిందనించి వాచ్‌మన్, ఎదురు ఫ్లాటు తలుపు కన్నం, రాత్రి ఎనిమిదిన్నర దాటితే “ఇవాళ లేటయిందేమ్మా” అనే ఆంటీ. ఆ ఆంటీ అంటే నాకు ఇష్టమే, పండగకి బొబ్బట్లు పంపుతుంది. కానీ దాన్ని ఒంటరితనం అనడానికి మాత్రం నోరు రాదు.

థాయిలాండ్ సినిమా ‘షట్టర్’ (2004) కూడా ఇలాగే చదివారు. కాలేజీలో స్నేహితులు లేని, ముభావంగా ఉండే అమ్మాయి దయ్యమైందట. నిజంగా జరిగింది వేరు. ఆమె ప్రేమించినవాడి స్నేహితులు ఆమె మీద అత్యాచారం చేశారు. అతను అడ్డుపడలేదు, ఫోటోలు తీశాడు. ఆ తరవాత అతనికి ఎప్పుడూ మెడ నొప్పి. డాక్టరు దగ్గర తూకం వేస్తే బరువు నమ్మలేనంత ఎక్కువ చూపిస్తుంది. చివరి ఫోటోలో తెలుస్తుంది, ఆమె అతని భుజాల మీదే కూచుని ఉందని. మెడ నొప్పికి కారణం నగర జీవితం అని ఆ డాక్టరు అనివుంటే మనం నవ్వేవాళ్ళం. విమర్శకుడు అంటే నవ్వం, ఉటంకిస్తాం.

మాట ఏదైతేనేం, సినిమాలే కదా అని సరిపెట్టుకోలేకపోవడానికి కారణం ఉంది. రోగం పేరు ఒంటరితనం అని తేలితే మందు కుటుంబం అవుతుంది. అధ్యక్షులవారి ‘అందుకే’ నాకిచ్చిన మందుచీటీ అదే. కానీ ఈ కథల్లో సదాకోని నూతిలో తోసింది ఎవరు? కయాకోని, ‘వైశాలి’లో ఇల్లాలిని చంపింది ఎవరు? నేరం జరిగిన చోటికే బాధితుల్ని తిరిగి పంపడం ఎక్కడి వైద్యం? రెయికోకీ యోషిమికీ ఆ దిక్కుమాలిన నగరం ఒక ఉద్యోగం, ఒక తాళంచెవి ఇచ్చింది. పైకప్పు కారేదే అయినా, ఇంటి తలుపు లోపలనించి గడియ పెట్టుకునే వీలిచ్చింది. ఆ తాళంచెవి ఎంత కష్టపడితే వస్తుందో తెలిసినవాళ్ళు దాన్ని అంత తేలిగ్గా శాపం అనలేరు.

మన భాషలో ‘ఒంటరి’ అన్న మాట ఎవరికి అతుక్కుంటుందో గమనించండి. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకి పింఛను మొదలుపెట్టింది. భర్త వదిలేసినవాళ్ళు, విడిపోయినవాళ్ళు, వయసు దాటినా పెళ్ళి కానివాళ్ళు అర్హులు. ఆ డబ్బు చాలా అవసరం, ఎవరూ ఆపకూడదు. నేనంటున్నది మాట గురించి. నలుగురు పిల్లల్ని పెంచుతూ, తల్లిని చూసుకుంటూ, రోజంతా మనుషుల మధ్యే మసిలే మనిషి కూడా భర్త లేకపోతే కాగితం మీద ఒంటరి. భార్య పోయిన మగవాణ్ణి మనం ఒంటరి పురుషుడు అంటామా? ‘పాపం, ఎవరైనా చూడాలి’ అంటాం.

నాకు ఒంటరితనం తెలీక మాట్లాడుతున్నానని అనుకోకండి. జ్వరం వచ్చిన రాత్రి మంచినీళ్ళిచ్చే మనిషి లేకపోవడం ఏమిటో తెలుసు. ఆదివారం సాయంత్రాలు తెలుసు. అయితే మా అమ్మ ఎనిమిదిమంది ఉన్న ఇంట్లో ముప్ఫై ఏళ్ళు గడిపింది. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో పీట మీద కూచుని, గిన్నెలో మిగిలింది కలుపుకుంటూ, తనలో తను ఏదో మాట్లాడుకునేది. ఎవరితో అమ్మా అంటే ఉలిక్కిపడేది. అమ్మకి గాలి సోకిందేమోనని నాయనమ్మ ఒకసారి తాయెత్తు కట్టించింది. ఎవరూ దాన్ని ఒంటరితనం అనలేదు. ఇల్లు నిండుగా ఉంది కదా మరి! ఇప్పుడు నా దగ్గరకి వచ్చినప్పుడు నా ఒక్క గదిలో మంచం మీద మధ్యాహ్నం పూట బార్లా పడుకుని నిద్రపోతుంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అలాంటి చోటికి ‘ఏకాంతం’ అని ఒక చక్కని మాటుంది మనకి. దాన్ని కవులకీ రుషులకీ కేటాయించి, ఆడవాళ్ళకి మాత్రం ఒంటరితనం మిగిల్చాం.

సదస్సు పత్రాలన్నీ పుస్తకంగా వేస్తున్నామని మొన్న కబురు వచ్చింది. నా వ్యాసం శీర్షిక ‘ఆధునిక నగరం – మానవుడి ఒంటరితనం’ అని మారిస్తే మిగతా వ్యాసాలతో కలిసిపోతుందని, హత్యల వివరాలు కొంచెం తగ్గిస్తే బాగుంటుందని సంపాదకులు రాశారు. మర్యాదగానే రాశారు. నేనూ మర్యాదగానే వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు చీటీ రావడంతో చదవకుండా వదిలేసిన మూడు పేజీలు పైన యోషిమి గురించి రాసినవే.